యంత్రం ముందు ఇద్దరు సాక్షులు

మా అక్క మొగుడు ఏజెన్సీ కొండల నుంచి దిగే రోడ్డులో చెక్‌పోస్టు కానిస్టేబుల్‌గా చేసి రిటైరయ్యాడు. బస్సెక్కి ఒక్కసారి గాలి పీల్చి, ఏ సంచిలో గంజాయి ఉందో చెప్పేసేవాడు. అలాంటి మనిషికి వెన్నులో కేన్సరు వచ్చింది. కూర్చోలేడు, పడుకోలేడు. మాత్రలు కడుపులో నిలవడం లేదు. చివరికి ఆయుర్వేదం డాక్టరు చీటీ రాశాడు: విజయాకు తైలం, మూడు చుక్కలు, నాలుక కింద.

విజయాకంటే ఏ ఆకో బావకి నాకన్నా బాగా తెలుసు. ఆ చీటీని దిండు కింద పెట్టుకుని మూడు వారాలు మూలిగాడు. నాకు ఒళ్లు మండింది. ఒక పొద్దున్న ఆటో ఎక్కించి గాజువాకలో ఆ మందు ఇచ్చే ఆసుపత్రికి లాక్కుపోయాను.

అక్కడ మందు ఇచ్చేది మనిషి కాదు, మెట్ల పక్కన బీరువా అంత యంత్రం. స్టీలు ప్లాంటులో కరిగిన ఇనుము ఏరులా పారడం ఇరవై ఏళ్లుగా చూస్తున్నవాణ్ణి, యంత్రాలకు బెదరను. దీని ముందు మాత్రం నోరు తెరుచుకుని నిలబడిపోయాను. అది చీటీని చూసింది. బావ మొహం చూసింది. అద్దం వెనక ఒక ఇనప చెయ్యి అన్ని సీసాల్లోంచి ఒక్కదాన్ని ఎంచి, చంటిపిల్లను పడుకోబెట్టినట్టు కింద పెట్టింది. ఏ ఆకు కోసం బావ బస్సులాపి జనాన్ని ఎండలో నిలబెట్టేవాడో, ఆ ఆకు పసరే. అది ఆయన్ని దొంగచూపు చూడలేదు, గద్దించలేదు. నొప్పి ఉందంటే నమ్మింది.

బావ సీసా ముట్టుకోలేదు. "ఇద్దరు సాక్షులుండాల్రా" అన్నాడు.

చెక్‌పోస్టులో సరుకు దొరికితే ఇద్దరి ఎదుట విప్పి, వాసన చూసి, కాగితం రాసి, వాళ్ల సంతకాలు తీసుకోవాలి.

"పట్టుకున్న సరుకేటి ఇది? నీ మందు" అని విసుక్కున్నాను. వినలేదు. వాచ్‌మన్‌ని పిలిచాను. బావ మూత తీసి వాసన చూశాడు. "అదే" అన్నాడు. చీటీ వెనక ఏదో రాశాడు. సాక్షులెప్పుడూ చదవరు కదా, మేమూ చదవకుండానే సంతకాలు పెట్టేశాం.

బెంచీ మీద కూర్చున్నాక చెప్పాడు. "ఒకావిడరా. కొంగులో పిడికెడుంది. మా ఆయనకి నొప్పులు, నిద్దర్నేదు బాబూ అంది. నాను నమ్మనేదు. అబద్దమాడతందని రాసీసేను. జైల్లో ఎట్టీసేరు. ఆవిడ మొగుడు ఏటైపోనాడో."

ఆయన కళ్లలో నీళ్లు చూడటం నాకదే మొదటిసారి. ఇక ఈ మందు జన్మలో తీసుకోడని భయం వేసింది. సీసా మూత మళ్లీ తీశాడు. తర్వాత నా చేతికిచ్చి, నోరు తెరిచాడు. మూడు చుక్కలు వేశాను.

గంటన్నరకి నడుం గోడకి ఆనించాడు. ఎన్ని నెలలైందో ఆ నడుం దేనికైనా ఆని. అలాగే నిద్రపోయాడు. ఆ పూట నేను డ్యూటీకి వెళ్లలేదు. ఆయన ఊపిరి వింటూ పక్కనే కూర్చున్నాను.

ఆయన చేతిలోంచి చీటీ జారితే తీశాను. వెనక సీసా గురించి ఒక్క ముక్క లేదు. "ఆవిడ చెప్పింది నిజం" అని ఉంది. కింద మా ఇద్దరి సంతకాలు.