నూరు లెక్కపెట్టేదాకా

ఓర్వకల్లు దారిలో, బండరాళ్ల గుట్టల కింద ఉంటుంది మా ట్రైనింగ్ సెంటరు. ముప్పై ఏళ్లు ఫైరింజన్ల మీద తిరిగి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక అక్కడ పాఠాలు చెప్పడానికి చేరాను. మంటలార్పే కోర్సు. చివర్లో పరీక్ష, పాసైతే సర్టిఫికెట్. అది చేతిలో ఉంటే చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనో పత్తి మిల్లుల్లోనో ఉద్యోగం దొరుకుతుంది. మార్కులు వేసేది నేనే. నా సంతకం లేకపోతే ఎవడూ గేటు దాటలేడని నాకు మహా గర్వం. కోపం కూడా ఎక్కువే. నా అరుపులకు గుట్ట మీద మేకలు బెదిరిపోతాయని కుర్రాళ్లు చాటుగా నవ్వుకునేవాళ్లు.

ఆ బ్యాచిలో ఒకతను ఉండేవాడు. ఇరవై ఆరేళ్లుంటాయేమో, కొత్తగా పెళ్లైంది. గుట్టల అవతలి పల్లె. వారమంతా కూలి పనులు, ఆదివారం చర్చి. వాళ్ల ఊరికి నీళ్ల ట్యాంకరు మూడు రోజులకొకసారి వస్తుంది. పైపులు మోయడంలో, నిచ్చెన ఎక్కడంలో అతన్ని మించినవాడు లేడు. ఒక్కటే తప్పు చేసేవాడు. మంట కనపడకుండా పోగానే పైపు మూతికుండే నాజిల్ కట్టేసేవాడు.

పత్తి మంటతో అట్లా కుదరదు. పైన ఆరినట్టే ఉంటుంది, లోపల రగులుతూనే ఉంటుంది. అందుకే మంట పోయాక కూడా నూరు లెక్కపెట్టేదాకా నీళ్లు కొడుతూనే ఉండాలని నా రూలు. అతను ఇరవై దగ్గరే ఆపేసేవాడు.

"ఏమప్పా, చెవుడా నీకు? నూరు అంటిని కదా!"

"మంట ఆరిపాయ కదా సార్. ఇంగా పోస్తే నీళ్లు ఉత్తపున్యానికి పోతాయి. అట్ల పారతాంటే చూసేకి పానం ఒప్పదు సార్."

తిట్టాను. గ్రౌండు చుట్టూ పరుగెత్తించాను. మర్నాడు ముప్పై దగ్గర కట్టేశాడు.

అసలు ఏ మొహం పెట్టుకుని తిట్టాలి? మా సెంటరూ నీళ్లు కొనుక్కునేదే. వారానికి ఒక్క ట్యాంకరు. సగం రోజులు ఉత్త పైపులు పట్టించి, నీళ్లు వస్తున్నట్టు అనుకోండని నేర్పాను. నోటితో నూరు లెక్కపెట్టించాను. నూరు దాకా నిజంగా నీళ్లు పారిన రోజులు చాలా తక్కువ.

పరీక్ష రోజు ఇనుప తొట్టెలో పత్తి, పాత గోనెలు వేసి తగలబెట్టాం. అతని వంతు వచ్చింది. గురి తప్పకుండా కొట్టాడు. మంట పోయింది. నేను లెక్క మొదలుపెట్టాను. నలభై దగ్గర నాజిల్ కట్టేశాడు.

"ఏందప్పా ఇది?"

"ఎనక ఇంగా పదిమంది ఉండారు సార్. ట్యాంకరు చూస్తే సగానికొచ్చె. వాళ్లకు చాలల్ల కదా!"

నా కోపం చల్లారిపోయింది. నేనూ అలాంటి ఊళ్లో పుట్టినవాణ్ణే. మొహం కడిగిన నీళ్లను మా అమ్మ చిక్కుడు పాదుకు పోసేది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చెయ్యీ అట్లాగే తొందరపడేది. మా ఆఫీసరు చెంప మీద ఒక్కటిచ్చి మాన్పించాడు. మరి నేనేం చేశాను? మురిసిపోయాను. ఎంత మంచివాడు అనుకుంటూ కాగితం మీద పాస్ అని రాసి సంతకం పెట్టాను. గేటు దగ్గర అతని భార్య ఆ సర్టిఫికెట్‌ను మడత పడకుండా రెండు చేతులా పట్టుకుంది.

నందికొట్కూరు వైపు ఒక పత్తి మిల్లులో చేరాడు. "సార్, ఈడ నీళ్లకు కొదవ లేదు. పెద్ద తొట్టి ఉండాది" అని సంబరంగా ఫోన్ చేశాడు.

ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం పత్తి బేళ్ల దొంతరకు నిప్పంటుకుంది. అతనే ఆర్పాడు. ఆర్పి, నీళ్లు ఆపి, బేళ్లు పక్కకు లాగుదామని దగ్గరికి పోయాడు. లోపలి నిప్పు గాలి తగిలి ఒక్కసారిగా లేచింది. దొంతర అతని మీద కూలింది. పక్కనే పైపు పట్టుకున్న మనిషి తర్వాత నాతో చెప్పాడు, దగ్గరికి పోయే ముందు అతను "ఆరిపాయలేప్పా, బంద్ చెయ్, నీళ్లు దండగ" అన్నాడట. అవే అతని చివరి మాటలు.

ఫెయిల్ చేసి ఉంటే నన్ను నానా తిట్లూ తిట్టుకుంటూ ఇంకో బ్యాచిలో కూర్చునేవాడు. బతికుండేవాడు. పాడు చెయ్యి, ఆరోజు ఎందుకు జాలిపడిందో.

సమాధి అయిన మూడో రోజు వాళ్ల ఇంటికి పోయాను. వాకిట్లో బిందెలు వరసగా, మూతలు వేసి ఉన్నాయి. లోపల గోడకు ఫ్రేము కట్టిన సర్టిఫికెట్, దాని కింద నా సంతకం. అతని భార్య చెంబుతో నీళ్లు తెచ్చిచ్చి, ఎదురుగా నిలబడింది.

"నీళ్లు చాల్లేదా సార్? ఆడ శానా ఉండాయని చెప్పినాడే."

మిల్లు తొట్టి నేను చూసే వచ్చాను. సగానికి పైగా నిండుగానే ఉంది. ఆ మాట చెబితే, నలభై దగ్గరే ఆపినా నేను పాస్ చేసిన సంగతీ చెప్పాలి. మంటలకు భయపడని వాణ్ణి, ఆమె ముందు పిరికివాణ్ణయ్యాను.

"లేదమ్మా, చాల్లేదు" అన్నాను.

ఆమె తల ఊపింది. నేను రెండు గుక్కలు తాగి చెంబు కింద పెట్టబోయాను.

"అన్నీ తాగండి సార్, మిగిల్చాకండి" అంది.

చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.