లాగి చూసే అత్త

మా ఆయన మేనత్త ఏ వస్తువునైనా వేళ్లతో లాగి చూసేదాకా నమ్మేది కాదు. చీర కొన్నా, చాప కొన్నా ముందు అంచు పట్టి లాగేది.

పాప మొదటి పుట్టినరోజుకు బళ్లారిలో మా ఇంటి హాలునంతా చేపల చెరువులా అలంకరించాలనుకున్నాను. అట్టలతో చేపలు కత్తిరించి, కళ్లకు చొక్కా గుండీలు కుట్టాను. ఎమ్మిగనూరు నుంచి ముందురోజే వచ్చిన అత్త ఒక్కో గుండీనీ లాగుతూ కూర్చుంది.

"ఇవి ఊడొస్తాయి చూడమ్మా."

"గట్టిగానే కుట్టినాను అత్తా."

"నువ్వు కుట్టినావు సరే. పాప ఊరుకుంటాదా? యాడ ఏముంటే అది నోట్లోనే కదా!"

నాకు వంకలు పెట్టడానికే వచ్చిందేమో అనిపించింది. విసుగెత్తి గుండీలన్నీ తీసేసి, కళ్లు రంగుతో దిద్దాను.

మరునాడు పిల్లలంతా దారం కట్టిన పుల్లలతో అట్టచేపలు పడుతుంటే, పాప ఉన్నట్టుండి దగ్గింది. ముఖం కందిపోయింది. నేను కేక వేసేలోపే అత్త పాపను బోర్లా తిప్పి వీపు మీద చరిచింది. తెల్లటి పూస ఒకటి నేల మీద పడింది.

అత్త తన చేత్తో కుట్టి తెచ్చి, పొద్దున పాప తలకు పెట్టిన కుల్లాయిలోని పూస అది.

ఏడుస్తున్న పాపను నా ఒళ్లో పెట్టి, ఆమె ఆ కుల్లాయి పూసలన్నీ తెంపేసింది. సాయంత్రం బస్సెక్కే ముందు నా చెయ్యి పట్టుకుంది.

"ఇంక మీద నేను తెచ్చేది గూడా చూడమ్మా," అంది. "నన్ను నమ్మొద్దు."