దిగకూడని మనిషి

కాగితం ఫ్యాక్టరీలో ఆమెను అందరూ మూత పిన్ని అంటారు. గుజ్జు ట్యాంకు కడగడానికి మనిషి లోపలికి దిగినప్పుడల్లా, పైన మూత పక్కన స్టూలు వేసుకుని కూర్చోవడం ఆమె పని. ముందు విషవాయువును పసిగట్టే మీటరు కిందికి వదిలి లోపలి గాలి చూడాలి. దిగేవాడి ఒంటికి పట్టీలు బిగించి తాడు తగిలించాలి. పైనుంచి పలకరిస్తూ ఉండాలి. ఏం జరిగినా తను మాత్రం దిగకూడదు. పదకొండేళ్లుగా ఇదే పని, పదకొండేళ్లుగా ఇదే గోల. ఊరికే కూర్చున్నావుగా పిన్నీ, ఈ డబ్బా కాస్త అక్కడ పెట్టిరా అని ఒకడు, ఈ కాగితం మేనేజరుకిచ్చిరా అని ఇంకొకడు. ఊరికేనట! ఆ స్టూలు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకోనివాడు లేడు. చెప్పీ చెప్పీ ఆమెకు నోరు నొప్పెట్టిందే తప్ప ఒక్కడి బుర్రకీ ఎక్కలేదు.

అందరికంటే మొండిఘటం సొంత తమ్ముడు. ట్యాంకులు కడిగేది అతనే. పట్టీలకు భుజాలు ఒరుసుకుపోతున్నాయని రోజూ పేచీ. ఆ రోజు అరగంట వాదించాడు. కట్టుకోకపోతే మూత మీద ఎక్కి కూర్చుంటాను, ఎలా దిగుతావో చూస్తానంది. సణుక్కుంటూ కట్టుకున్నాడు.

దిగేటప్పుడు గాలి బాగానే ఉంది. అడుగున పేరుకున్న మడ్డిని కదిలించేసరికి అతని పట్టీకి తగిలించిన మీటరు కూత పెట్టింది. పైకి రమ్మని ఆమె అరిచింది. అయిపోవచ్చింది, ఒక్క నిమిషం అన్నాడు మహానుభావుడు. ఆ నిమిషంలోనే కూలబడ్డాడు.

తాడు పై చివర చేత్తో తిప్పే చక్రం ఉంది. ఆమె గంట కొట్టి, చక్రం అందుకుంది. గంట విని పరుగెత్తుకొచ్చిన ఫిట్టరు ముందూ వెనకా చూడకుండా నిచ్చెన మీద కాలు పెట్టాడు. కాలరు పట్టుకుని వెనక్కి గుంజింది.

"నువ్వు దిగితే నిన్నెవరు లాగుతారు? ఇటొచ్చి చక్రం పట్టు."

ఇద్దరూ కలిసి తిప్పారు. తమ్ముడు పైకొచ్చాడు. ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టారు. సాయంత్రానికి కళ్లు తెరిచాడు.

ఈలోగా కబురు చిలవలు పలవలు చేర్చుకుని అమ్మకు చేరింది. తమ్ముడు లోపల పడి ఉంటే అక్క పైనే నిలబడిందట, దిగబోయినవాణ్ణి కూడా ఆపిందట. ఆస్పత్రి వరండాలో అమ్మ ఆమె ముఖం చూడలేదు. గోడవైపు తిరిగే అడిగింది.

"వాణ్ణి ఎత్తుకుని పెంచినదానివి. దిగాలనిపించలేదుటే నీకు?"

పదకొండేళ్ల విసుగంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. ఫ్యాక్టరీలో అందరికీ చెప్పింది చాలక ఇప్పుడు కన్నతల్లికి కూడా మొదటినుంచీ చెప్పుకోవాలి. ఆమె అరచేతులు చాపింది. చక్రం పిడి రాపిడికి చర్మం ఊడివచ్చి ఎర్రగా ఉన్నాయి.

"అనిపించిందమ్మా. తిప్పినంతసేపూ అనిపించింది. దిగుంటే నీకు ఇద్దరిలో ఒక్కరమూ మిగిలేవాళ్లం కాదు."

అమ్మ ఆ చేతుల్ని ఒళ్లోకి లాక్కుంది. అటుగా పోతున్న నర్సును ఆపి, ఈ పిల్లక్కూడా మందు రాయమంది.