కూర్చునేవారు కాదు

పాలు పొంగించడం గృహప్రవేశం నాటి ముచ్చట. తాడేపల్లిగూడెంలో బాలాత్రిపురసుందరి ఇంట్లో మాత్రం అది రోజువారీ వేడుక. పొయ్యి మీద గిన్నె పెట్టి పక్క గదిలోకి వెళ్లిందంటే, ఎందుకు వెళ్లిందో ఆమెకే తెలియదు. "చిన్నప్పట్నుంచీ ఇంతేనే నువ్వు," అనేవాడు భర్త బంగార్రాజు, ధాన్యం కమీషన్ వ్యాపారి. అతను ఆమెకు మేనత్త కొడుకు. కొల్లేటి లంకలో ఇద్దరూ ఒకే వాకిట్లో పెరిగారు. కనుక అతని మాటకు ఎదురు లేకుండా పోయింది.

రెండువేల ఆరులో కూతురు ఇందుజ కాలేజీ హాస్టల్లో చేరాక, వీధి చివరి బడి వాళ్లు రెండో తరగతికి టీచరుగా రమ్మని సుందరిని పిలిచారు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బంగార్రాజు అడ్డుపడ్డాడు.

"పాలగిన్నె అంటే మాడి ఊరుకుంటది. పిల్లల్ని ఎక్కడైనా మరిచిపోతే వాళ్లమ్మలు ఊరుకుంటారా? ముందు డాక్టరుకి చూపిద్దాం. బానే ఉందంటే చేరుదువుగాని."

ఏలూరులో మనసు జబ్బులు చూసే డాక్టర్ ఎలిజబెత్ వాళ్ల గోడు విన్నది. దేని మీదా ధ్యాస నిలవని జబ్బు ఒకటుందనీ, అదైతే చిన్నతనంలోనే మొదలై ఉండాలనీ చెప్పింది. బయట నర్సు ఓ ప్రశ్నల కాగితం సుందరి చేతిలో పెట్టి, "నింపండమ్మా," అని వెళ్లిపోయింది.

కాగితం పైన 'చిన్నతనంలో' అని ఉంది. కింద వరసగా 'కుదురుగా కూర్చునేవారు కాదు', 'వస్తువులు పారేసుకునేవారు', 'చెప్పిన మాట వినేవారు కాదు' అని ఉన్నాయి. టిక్కు పెట్టి పక్కన ఉదాహరణ రాయాలి. ఇంగ్లీషు కాగితాన్ని తెలుగు చేసిన డాక్టరమ్మ మర్యాదస్తురాలు గనక 'వారు' తగిలించింది గానీ, 'మీరు' అన్న మాట ఎక్కడా వేయలేదు. సుందరి పెళ్లయిన నాటి నుంచీ 'వారు' అన్నది ఒక్కరినే. ఇక ఆమె పెన్ను ఆగలేదు.

కాగితం చదివి డాక్టరు ఇద్దర్నీ లోపలికి పిలిచింది. "ఇది చిన్నప్పట్నుంచీ ఉన్నదేనండీ. గట్టిగానే ఉంది."

"నేను చెప్పలేదా," అంటూ బంగార్రాజు కుర్చీలో వెనక్కి వాలాడు. సుందరి అతని వంక జాలిగా చూసింది.

డాక్టరు చదువుతోంది. "పలకలు పారేసుకునేవారు, ఓసారి చొక్కా కూడా. బడి గోడ దూకి దోనెక్కి పారిపోయేవారు. లెక్కల మేష్టారి గొడుగులో బతికున్న మట్టగిడస చేపని వేశారు."

బంగార్రాజు కుర్చీలో ముందుకొచ్చాడు. "ఆ మట్టగిడసని వేసింది నేనండీ."

"వారి గురించే కదండీ అడిగారు," అంది సుందరి అయోమయంగా. "జబ్బు ఈయనకా అని పాపం అనిపించింది."

డాక్టరు తల పట్టుకుని, నవ్వాపుకుని, రెండు కొత్త కాగితాల మీద 'మీరు' అని పెద్దక్షరాలతో రాసి చెరొకటి ఇచ్చింది. బంగార్రాజు కాగితంలో దేనికీ 'అవును' లేదు. దాని ప్రకారం ఆయనంత బుద్ధిమంతుడు కొల్లేరు మొత్తంలో పుట్టలేదు. సుందరి కాగితం తెల్లగానే ఉంది.

"నా సంగతులేవీ నాకు గుర్తురావడం లేదండీ," అంది. బడి చేజారినట్టే అనుకుంది.

డాక్టరు బంగార్రాజు వైపు తిరిగింది. "మీరు చెప్పండి. చిన్నప్పుడు ఈవిడ ఏం మరిచిపోయేవారు?"

కాగితం మీద ఎంత బొంకినా, సుందరి ఎదురుగా ఉండగా నోటితో బొంకడం అతని వల్ల కాలేదు. "ఏమీ లేదండీ. నా పలక తనే వెతికి తెచ్చేది. చొక్కా కూడా. నాకిచ్చిన లెక్కలు కూడా తనకే గుర్తుండేవి."

"మరి ఈ మరుపు ఎప్పట్నుంచి?"

"పెళ్లయ్యాకేనండీ," అనేసి, అన్న మాట తన చెవిన పడ్డాక తలొంచుకున్నాడు.

"అయితే ఇది ఆ జబ్బు కాదండీ. ఇద్దరి సంగతులూ ఈవిడ ఒక్క బుర్రే మోస్తోంది. అలిసిపోదూ మరి? మీరు హాయిగా బళ్లో చేరండమ్మా."

బస్టాండుకొచ్చాక బంగార్రాజు చంకలు తడుముకున్నాడు. "నా సంచీ ఏదే?"

ఆసుపత్రి బల్ల మీద ఆ సంచీని సుందరి చూసే వచ్చింది.

"మీరు మరిచిపోయారండీ," అంది, 'మీరు'ను కాస్త ఒత్తి పలుకుతూ.