మారయ్య మోసిన నలుపు

యోసేపుకు గొప్పలు చెప్పుకునే అలవాటు ఉండేది. ఎంకపల్లి శివారులో ఎటు చూసినా ఎర్ర చెలకలు, గుండ్రాళ్ల గుట్టలు. వాటి నడుమ అతని చేనొక్కటే నల్లగా నిగనిగలాడేది. "మాది రేగడి. నా చిన్నప్పుడే మా బాపు చెప్పిండు" అని కనబడ్డవాడికల్లా చెప్పేవాడు. ఊళ్లో పెద్దలు నవ్వుతూ "ఏం రేగడి పటేలా, బాగున్నవా?" అని పలకరిస్తే నిజంగానే పొంగిపోయేవాడు. తండ్రి మారయ్య గండిపేట కట్ట కట్టేటప్పుడు రాళ్లు మోసిన మనిషి. యోసేపు లాగుల వయసులో ఉండగానే చనిపోయాడు. చేను, ఆ మాట మిగిలాయి.

చుట్టుపక్కల వాళ్లంతా ఎండాకాలంలో చెరువు ఎండగానే అడుగున పేరుకున్న నల్లమట్టిని తవ్వి చెలకల్లో పోసుకునేవారు. యోసేపు మాత్రం తట్ట ముట్టేవాడు కాదు. "రేగడిల మట్టి పోసుడేంది, పాలల్ల నీళ్లు పోసినట్టు!" అనేవాడు. తల్లి బీరమ్మ అది విని తల తిప్పుకుని తన పనిలో పడేది.

తర్వాత వరుసగా వానలు తప్పాయి. భార్య ప్రేమమ్మ వాగు ఇసుకలో చెలిమెలు తీసి నీళ్లు మోసి మోసి విసిగిపోయింది. "ఈ ఎండాకాలం బాయి పడకుంటే పట్నం పోయి కూలి చేసుకుందాం. చేనును గుట్టలకే ఇడుద్దాం" అని తేల్చి చెప్పింది. చర్చివాళ్లు, చుట్టాలు అందరూ బావి తవ్వడానికి సాయం వస్తామన్నారు. అయితే అక్కడొక కట్టడి ఉంది. ఎవరి బావికైనా ఊరు ఒక్కసారే గడ్డపార ఎత్తుతుంది. చోటు తప్పితే మళ్లీ ఎవరూ రారు. యోసేపు నల్లమట్టి నడిమధ్యన సున్నంతో గుండ్రంగా ముగ్గు గీశాడు. నల్లమట్టి కింద నల్లరాయి ఉంటుందని, ఆ రాయి పొరల్లో నీళ్లుంటాయని చేవెళ్ల పక్కవాళ్లు చెప్పగా విన్నాడు.

సరిగ్గా అప్పుడే, 1943 ఎండల్లో, బాలకిషన్ సైకిలు నెట్టుకుంటూ వచ్చాడు. సర్కారు తరఫున ఏ నేల కింద ఏ రాయి ఉందో పటం గీయడం అతని పని. చేతిలో ఇంకో పటం ఉంది. కొన్నేళ్ల కింద మట్టి సర్వేవాళ్లు ఊరూరా తిరిగి, జానెడు లోతు మట్టి తీసి చూసి, రంగులు వేసినది. అందులో ఎర్రటి మైదానం మధ్య ఒక నల్లచుక్క. అది యోసేపు చేను!

"రాయి కనబడకపోతే మట్టిని అడగాలె, యోసేపు" అన్నాడు బాలకిషన్. "రాయి కుళ్లితేనే మట్టి. ఎర్రమట్టి కింద గుండురాయి. నల్లమట్టి కింద నల్లరాయి. ఆ నల్లరాయి ఒకప్పుడు నిప్పు. అన్నం గంజి పొంగినట్టు నేలంతా పారింది. చేవెళ్ల పక్కనే ఆగిందని మా లెక్క. నీ చేను చూస్తే ఇంతదూరం వచ్చినట్టున్నది."

యోసేపు నోరు తెరుచుకుని కాళ్ల కింద నేలను చూశాడు. నిప్పు పారిన నేల మీద తాను ఇన్నేళ్లు జొన్న వేశాడు! బాలకిషన్ జేబులోంచి, చేవెళ్ల పక్క దొరికిన బూడిదరంగు రాయి తీశాడు. అందులో వేలిగోరంత నత్త. చుట్టలు చుట్టలుగా, మొత్తం రాయే.

"రాయి నత్తను కన్నదా సారూ?"

"నిప్పు ఒకసారి పారినంక, ఇంకోసారి పారేదాకా నడుమ చెరువులుండె. అండ్ల బతికిన నత్తలివి. అప్పటికి మనిషన్నోడే పుట్టలే."

ఊరిని పిలవకముందే కింద రాయి చూద్దామని బాలకిషన్ అనగా, యోసేపు ఒక్కడే ముగ్గు నడుమ గడ్డపార దించాడు. మోకాలి లోతున నల్లమట్టిలో ఒక నత్త మెరిసింది. బాలకిషన్ గుంటలోకి దూకాడు. చేతిలోకి తీసుకుని గోటితో నొక్కగానే అది పటుక్కున పగిలింది. రాయి కాదు, ఉత్త గుల్ల. ఇంకో నాలుగు పోట్లకు నల్లమట్టి అయిపోయింది. కింద కత్తితో కోసినట్టు ఎర్రటి మట్టి, దాని కింద గుండురాయి పలక ఖంగుమంది.

యోసేపు గడ్డపార వదిలేశాడు. గుంట ఒడ్డున బీరమ్మ కూర్చుని ఉంది.

"అవ్వా, గిదేందే? మన భూమి రేగడి కాదా?"

"ఏడి రేగడి కొడుకా! నేను కాపురానికొచ్చినప్పుడు గిది రాళ్ల చెలక. మీ బాపు ఏటేటా చెరువుమట్టి నెత్తిన మోసిండు. నేనూ మోసిన. ఆ నత్త చెరువుదే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"పిల్లలు నిన్ను రాళ్లోడా అని ఏడిపిస్తే, మనది రేగడని మీ బాపే చెప్పిండు. సచ్చినోని మాట నేనెందుకు తీసేస్తా?"

పెద్దల నవ్వులు యోసేపుకు ఇప్పుడు అర్థమయ్యాయి. బాలకిషన్ మాత్రం గుంటలోనే నిలబడి, తొడల దాకా ఉన్న ఆ నలుపును అరచేత్తో నిమిరాడు. "నిప్పు తెచ్చిన నలుపు కాదవ్వా, నెత్తి మీద వచ్చిన నలుపు. సర్కారు పటంల ఎక్కేంత మోసిండ్రు మీరు!" యోసేపు ఆ మట్టిగోడను పైనుంచి కింది దాకా చూశాడు. ఒక్కొక్క తట్ట, ఒక్కొక్క ఎండాకాలం. నిప్పు పారిందన్నప్పుడు కూడా అతనికి ఇంతగా ఒళ్లు జలదరించలేదు.

"ఇంతకూ బాయి ఏడ తవ్వాలె?" ప్రేమమ్మ అడిగింది. ఆమెకు నిప్పులూ నత్తలూ అక్కర్లేదు.

బాలకిషన్ మట్టి పటం మళ్లీ విప్పాడు. చేనులోనే ఎగువన, పడమటి మూల, ముదురు ఎరుపు గీత. పైమట్టి అంత ముదురు ఎరుపైతే కింద మట్టి లోతు ఎక్కువని గుర్తు. "లోతు మట్టి ఉన్నదంటే కింద గుండురాయి లోతుగా కుళ్లినట్టే. కుళ్లిన రాయిల నీళ్లు నిలుస్తయి. గీడ తవ్వుండ్రి." ఎర్రగా ఉందని చిన్నచూపు చూసి యోసేపు ఆముదాలు చల్లి వదిలేసిన మూల అది.

"పటం ఒక్కసారి తప్పింది గదా సారూ?" అన్నాడు యోసేపు.

"పటం తప్పలే. పైమట్టి నలుపే గదా. కింద రాయి గూడ నలుపే అనుకున్నది మనం."

ఊరంతా వచ్చి తవ్వింది. మెత్తటి మొరం పొరలో చెమ్మ తగిలింది, తర్వాత గోడల నుంచి నీళ్లు సన్నగా కారాయి. ప్రేమమ్మ గుంటలోకి దిగి దోసిలి పట్టి తాగి, పట్నం మాట మళ్లీ ఎత్తలేదు.

వెళ్లేముందు బాలకిషన్ కొత్త రాళ్ల పటంలో ఆ చేనుకు కూడా చుట్టుపక్కల వేసిన గుండురాయి రంగే వేశాడు. యోసేపు చూసి అడిగాడు.

"మా బాపును తుడిచేసినవా సారూ?"

"రాళ్ల పటంల మీ బాపు లేడు. మట్టి పటంల ఉన్నడు. అది నేను ముట్ట."

ఏడాది తిరిగి చెరువు ఎండింది. తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న యోసేపును చూసి ఊరి పెద్దల్లో ఒకడైన చెన్నయ్య చెరువుకట్ట మీద నుంచి కేకేశాడు. "ఏం రేగడి పటేలా, పాలల్ల నీళ్లు పోస్తున్నవా?"

"పటేలు నేను గాదు తాతా, మా బాపు" అని, యోసేపు ఆగకుండా చేను వైపు నడిచాడు.