నల్ల పట్టీ పడ్డ మబ్బుల బొమ్మ

ముమ్మిడివరంలో టీవీలు బాగుచేసే తాతాజీకి మబ్బుల పిచ్చి. తొంభయ్యారు తుఫానులో మేనమామ సముద్రంలో పోయాక, వాన కబురుకి ఇంకొకరి నోటికేసి చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. రెండువేల ఏడులో డాబా మీద ఏంటెన్నా కట్టి, కంప్యూటరునే రేడియోగా మార్చే కిట్టు కొన్నాడు. ఉపగ్రహం నెత్తిమీదుగా పోతుంటే మబ్బుల బొమ్మ ఉత్తరం నుంచి దక్షిణానికి గీత తర్వాత గీతగా దిగేది.

"ఇంట్లో మిక్సీ మూలపడింది గానీ, ఈయనకి ఆకాశం రిపేరు" అని భార్య సుగుణ దెప్పేది.

చేపలు పట్టే ఏసుపాదం ఆ బొమ్మని నమ్ముకునే సముద్రంలోకి వేటకి పడవ దించేవాడు. ఓ ఉదయం బొమ్మ దిగుతుండగానే తాతాజీ అదే కంప్యూటరులో పాటలు పెట్టాడు. పాత యంత్రం రెండు పనులూ మొయ్యలేక, రేడియో అందించే శాంపిళ్లు, అంటే సంకేతం తునకలు, మధ్యలో కొన్ని జారవిడిచి మిగిలినవాటిని అతికించేసింది. బొమ్మ మాత్రం ముద్దుగా వచ్చింది. వాయుగుండం విశాఖ దాటిపోయినట్టే ఉంది.

"వెళ్లొచ్చాండీ, తాతాజీగారూ?"

"నిక్షేపంలా వెళ్లిరా."

నిజానికి వాయుగుండం మన ఊరికెదురుగానే ఉంది. జారిన తునకలతో పోయిన గీతల చోటు మూసుకుపోయి, కింది మబ్బంతా పైకి జరిగింది. ఏసుపాదం పడవ పోగొట్టుకుని ప్రాణాలతో ఒడ్డున పడ్డాడు. తాతాజీకి అది గుచ్చుకుంది; ఆ బొమ్మలో గీతలు లెక్కపెడితే కొన్ని తక్కువొచ్చాయి.

తర్వాత ఓసారి అమలాపురం బస్సులో పక్కాయన సీట్లో తువ్వాలు వేసి టీకి దిగాడు. మనిషి లేడు, చోటుంది. ఎవరూ జరగలేదు. తాతాజీ వచ్చిన పని మానుకుని ఇంటికొచ్చి, ఎన్ని శాంపిళ్లు పోతే అన్ని సున్నాలు ఆ చోట కూర్చునేలా ప్రోగ్రాముతో కుస్తీ పట్టాడు. పాటలు మానేసినా ఆ ముసలి కంప్యూటరు అప్పుడప్పుడూ జారవిడుస్తూనే ఉండేది. ఇప్పుడు ఆ చోట నల్ల పట్టీ పడేది.

మళ్లీ వాయుగుండం పట్టిన రోజుల్లో ఏసుపాదం అద్దె పడవ మాట్లాడుకుని, వల భుజాన వేసుకుని వచ్చాడు. బొమ్మలో సరిగ్గా మన సముద్రం మీదే పట్టీ.

"ఇదేంటండీ, నల్లగా?"

తాతాజీ పట్టీ మీద వేలు పెట్టాడు. "అక్కడేముందో నాకు తెలీదు, ఏసుపాదం."



"ఆయ్. ఈ మాట ఆ రోజే అనేసుంటే నా పడవ ఉండేదండి" అని ఏసుపాదం వల కింద పెట్టి, బల్ల మీద కూర్చున్నాడు. "సుగుణమ్మగారూ, కాసిన్ని టీనీళ్లు ఇప్పించండి. ఇవాళ ఎల్లటం లేదు."