అమ్మ కుట్టిన నవలలు, నేను పంపిన ఫైలు

మా చిన్నప్పుడు... చూలై పేటలోని మా ఇంటికి వారపత్రిక వచ్చిందంటే ముందు అమ్మ చేతికే. సీరియల్ పేజీలు జాగ్రత్తగా కత్తిరించి బియ్యం డబ్బా కింద దాచేది. కథ ముగిశాక అన్నీ వరసగా పేర్చి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసేది. అంతే... నవల తయారు!

ఆ ఒక్క కుట్టుపుస్తకం వీధిలో ఇళ్ళన్నీ తిరిగేది. మేడమీది సరోజత్త మెట్ల మీంచే కేకేసేది... "ఏమ్మే, అయిపోయినాదా లేదా? ఈడ నలుగురు కాసుకోని ఉండారు!"

తిరిగొచ్చేసరికి పసుపు మరకలు, నూనె వేళ్ళ ముద్రలు... ఒక్కోసారి ఆఖరి పేజీ గల్లంతు. అయినా ఇంతమంది చదివారని అమ్మకి ఎంత గర్వమో!

నలుగురికీ పంచే ఆ అలవాటే నాకూ అబ్బింది... అదే కొంప ముంచింది.

మా తమ్ముడి కూతురు హారిణి. పుట్టి పెరిగింది ఇక్కడే, ఈ తమిళ ఊళ్ళోనే; బడిలో తెలుగు లేదు. పట్టుబట్టి నేర్చుకుని, పోయినేడాది ఏకంగా తెలుగులో నవల రాసింది. అచ్చుకు వెళ్ళేముందు, తప్పులుంటే చెప్పమని ఫైలు నాకు పంపింది.

నేనేం చేశాను? మురిసిపోయి, ఒక్క పేజీ తెరవకుండానే "బ్రహ్మాండం, తప్పులేం లేవు" అనేశాను. పైగా బంధువుల గ్రూపులో పెట్టేశాను... మన పిల్ల నవల, అందరూ చదవండని. దండాలు, పూలగుత్తుల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి.

టి. నగర్‌లో ఒక చిన్న హాల్లో ఆవిష్కరణ. వచ్చినవాళ్ళంతా మావాళ్ళే. కాఫీలు తాగారు, ఫోటోలు దిగారు. పుస్తకాల కట్టలు మాత్రం కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఒకటి తీసుకోమంటే మా వదిన నవ్వేసింది. "మాకు ఫోన్లోనే వచ్చేసిందే... ఇంక బుక్కు ఎందుకుమా?"

హారిణి నా వైపు చూసింది. తిట్టినా బాగుండేది.

ఆ కట్టలన్నీ మాధవరంలో తమ్ముడి ఇంట్లో మంచం కిందికి చేరాయి. అవి అమ్ముడైతేనే రెండో నవల వేస్తామని ప్రచురణకర్తలు అన్నారట. పిల్ల అది రాయడం సగంలో ఆపేసిందని తెలిసి, మనసాగక వెళ్ళాను.

"నిజం చెప్పత్తా... చదివితివా నువ్వు?"

"చదవకుండానా!"

"మొదటి పేజీ కూడానా?"

"అన్నీ చదివానే తల్లీ..."

నవ్వింది. ఆ నవ్వు నాకు అప్పుడు అర్థం కాలేదు. ఒక కాపీ కొనుక్కుని ఇంటికొచ్చి, సిగ్గుపడుతూ తెరిచాను. మొదటి పేజీలో ఒకటే వాక్యం ఉంది...

'కుట్టుపుస్తకాల కబుర్లు చెప్పి నాకు తెలుగు మీద ఆశ పుట్టించిన మా అత్తకి.'

అప్పుడు ఒక్క కాపీని వీధంతా చదివింది. ఇప్పుడు ఇంటింటికీ కాపీ చేరినా, తెరిచినవాళ్ళు లేరు... ముందుగా నేనే తెరవలేదు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి కుట్టుపుస్తకాలు ఉండేవా? ఈమధ్య కొత్తవాళ్ళ నవల ఏదైనా చదివి ఉంటే పేరు చెప్పండి, కొనుక్కుంటాను... ఫైలు మాత్రం పంపకండి.